పది మందీ కనపడే ఎత్తులో కెమెరా పెట్టండి

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, డీడీ స్పోర్ట్స్ నిర్మాణ బృందానికి,



విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు టీవీలో కనపడే తీరు గురించి ఈ ఉత్తరం. అడగదలచుకున్నది ఒక్కటే. బంతి ఆటలో ఉన్నంత సేపూ తెర మీద ఉండే ప్రధాన కెమెరాను మధ్యగీతకు ఎదురుగా, ఆటగాళ్ల తలలకు బాగా పైన నిలపండి. దాడి జరుగుతున్న సగం కోర్టులోని పది మందీ ఒకేసారి కనపడేంత వెడల్పుగా చూపించండి. అందుకు కొత్త కెమెరాలు కొనక్కర్లేదు, ఉన్న కెమెరానే సరైన చోటికి ఎక్కిస్తే చాలు. మన దేశంలో కాలేజీ స్థాయి ఆటను చూపేటప్పుడు తరచూ తప్పిపోతున్నది ఇదే. కోర్టు పక్కన, నిలబడ్డ మనిషి ఎత్తుకు కాస్త పైన ఒక స్టాండు మీద కెమెరా ఉంటుంది. అది బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మీదికి జూమ్ అవుతుంది, వాళ్లు ఎటు కదిలితే అటు పరుగెడుతుంది. తెర నిండా చెమట పట్టిన ఒక ఆటగాడు, అతని మీదికి చెయ్యి చాచిన మరొకడు. మిగిలిన ఎనిమిది మంది ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో తెలియదు. బాస్కెట్‌బాల్‌లో ఆట చాలావరకు నడిచేది ఆ ఎనిమిది మంది దగ్గరే.

ఈ మాట అండమాన్ నుంచి చెప్పడానికి కారణం ఉంది. బతు బస్తీలో, గారాచర్మాలో, శ్రీ విజయ పురంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనంలో సుమారు 13 శాతం మంది తెలుగును మాతృభాషగా రాయించారు. ఇక్కడి కాలేజీల్లో పాతదైన జవహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయ 1967లో మొదలై, దశాబ్దాల పాటు పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. అంటే ఇక్కడి విద్యార్థి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడాలంటే ముందు సముద్రం దాటాలి. విశాఖకైనా చెన్నైకైనా ఓడలో రెండున్నర, మూడు రోజులు పడుతుంది. విమానం టికెట్టు అందరికీ అందే ధర కాదు. చెన్నైలో చదివే కుర్రాడు సాయంత్రం బస్సెక్కి వెళ్లి పెద్ద జట్ల ఆట చూసి రాత్రి భోజనానికి ఇంటికి చేరగలడు. ఇక్కడివాళ్లకు గ్యాలరీ అంటే టీవీయే, అందులో తమ సీటు ఎక్కడుండాలో నిర్ణయించేది మీ కెమెరా. దూరం ప్రతిభను ఆపదని ఈ దీవులు చూపించాయి. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో రజతం గెలిచిన ఎసో ఆల్బెన్ ఇక్కడి వాడే. అయితే సైక్లిస్టు సాధనలో చాలా భాగం గడియారంతో సాగుతుంది, గడియారం ఎక్కడైనా ఒకటే. బాస్కెట్‌బాల్‌లో ఐదుగురు కలిసి ఎదుటి ఐదుగురి కదలికలను చదవాలి. తమకంటే మంచి జట్లు ఎలా కదులుతాయో చూడకపోతే ఆ చదువు రాదు.

ఒక్క దాడిని దగ్గరగా చూద్దాం. మహిళల మ్యాచ్ అనుకోండి. పాయింట్ గార్డ్ బంతిని డ్రిబుల్ చేస్తూ మధ్యగీత దాటి, మూడు పాయింట్ల గీత బయట ఆగింది. సెంటర్ రింగ్ దగ్గర నుంచి పైకి వచ్చి, గార్డ్‌ను కాస్తున్న అమ్మాయికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టింది. గార్డ్ ఆ స్క్రీన్‌ను రాసుకుంటూ కుడివైపు దూసుకుపోయింది, సెంటర్ గిర్రున తిరిగి రింగ్ వైపు పరుగెత్తింది. ఎదుటి జట్టులో ఇద్దరు బంతి మీదికి పోయారు, పరుగెత్తే సెంటర్‌కు అడ్డం ఎవరూ లేరు. ఆ ఖాళీ మూయడానికి, ఎడమ మూలలో షూటర్‌ను కాస్తున్న డిఫెండర్ రెండడుగులు లోపలికి జరిగింది. ఈ దాడికి కీలకం ఆ రెండడుగులే. గార్డ్ వాటిని కనిపెట్టింది, బంతిని కోర్టుకు అడ్డంగా ఎడమ మూలకు విసిరింది, అక్కడ ఒంటరిగా మిగిలిన షూటర్ తీరిగ్గా మూడు పాయింట్లు వేసింది. కింద నుంచి దగ్గరగా చూపే కెమెరాలో ఇందులో ఎంత కనపడుతుంది? గార్డ్ డ్రిబుల్ కనపడుతుంది, స్క్రీన్ దగ్గర తాకిడి కొంత కనపడుతుంది, ఆ తరవాత బంతి తెర దాటి ఎగిరిపోతుంది. కెమెరా దాని వెంట పడి మూలకు చేరేసరికి షూటర్ చేతులు గాలిలో ఉంటాయి. చూసేవాళ్లు భలే పాస్ అనుకుంటారు గాని అది భలే పాస్ ఎందుకైందో వాళ్లకు తెలిసే దారి లేదు. వ్యాఖ్యాత వివరిస్తే నమ్మాలి, అంతే. అదే దాడిని పైనుంచి వెడల్పుగా చూపండి. ఎడమ మూల డిఫెండర్ కాలు కదపగానే, ఇంట్లో టీవీ ముందున్న పదిహేడేళ్ల పిల్ల బంతి కంటే ముందు తానే ‘మూలకెయ్’ అంటుంది. ఆట నేర్చుకోవడం అక్కడ మొదలవుతుంది.

ఎంత ఎత్తు ఉండాలన్నది అభిరుచికి వదిలేసే విషయం కాదు, పదో తరగతి సరూప త్రిభుజాలతో తేలే లెక్క. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. రెండు మీటర్ల పొడుగు ఆటగాడు కెమెరాకు 10 మీటర్ల దూరంలో నిలబడ్డాడనుకుందాం. లెన్స్ నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటే ఆ ఒక్క మనిషి తన వెనక 40 మీటర్ల నేలను మరుగు చేస్తాడు. కోర్టు వెడల్పే 15 మీటర్లు కాబట్టి, అతని వెనక అవతలి గీత దాకా ఏమీ మిగలదు. నాలుగు మీటర్లకు ఎక్కిస్తే మరుగు 10 మీటర్లకు తగ్గుతుంది. అదే కెమెరా ఆటగాడికి 20 మీటర్ల దూరంలో, ఎనిమిది మీటర్ల ఎత్తున ఉంటే మరుగయ్యేది ఏడు మీటర్ల లోపే. పది మీటర్ల ఎత్తున ఉంటే ఐదు మీటర్లు. నేల కనపడితే ఏమిటి, కనపడకపోతే ఏమిటి అనుకోవడానికి లేదు. ఈ ఆటలో సగం సంగతులు పాదాల దగ్గరే తేలుతాయి. షూటర్ కాలు మూడు పాయింట్ల గీతను తొక్కిందా, డిఫెండర్ ముందే నిలదొక్కుకున్నాడా లేక ఢీకొనే క్షణంలో జరిగాడా, బంతి పట్టుకుని వేసిన అడుగులు ఎన్ని అన్నవన్నీ అక్కడే తెలుస్తాయి. రిఫరీ విజిల్ ఎందుకు ఊదాడో ఇంట్లో ఉన్నవాళ్లకు అర్థం కాకపోతే వాళ్లు ఫౌల్‌ను అన్యాయంగానో అదృష్టంగానో చూస్తారు, ఆట నియమంగా చూడరు.

అలాగని కెమెరాను పైకప్పుకు వేలాడదీయమనడం లేదు. మరీ నిట్టనిలువుగా పైనుంచి చూస్తే 3.05 మీటర్ల ఎత్తున్న రింగ్ నేల మీద గీసిన సున్నాలా కనపడుతుంది, షాట్ వంపు తెలియదు, రీబౌండ్‌కు ఎవరు ఎంత ఎగిరారో తెలియదు. నేను చెప్పిన ఎనిమిది నుంచి పది మీటర్ల ఎత్తు, ఇరవై మీటర్ల దూరం అంటే చూపు సుమారు 22 నుంచి 27 డిగ్రీల వాలులో పడుతుంది. నేల, గాలి రెండూ దక్కేది ఆ వాలులోనే. దూరం కూడా మితంగానే ఉండాలి. 1968 జనవరి 20న అమెరికాలో హ్యూస్టన్, యూసీఎల్ఏ జట్ల మ్యాచ్‌ను ఆస్ట్రోడోమ్‌లో పెట్టినప్పుడు 52,693 మంది వచ్చారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌ను దేశమంతటా టీవీలో చూసే ఆటగా నిలబెట్టింది ఆ రాత్రే అంటారు. కానీ అంత పెద్ద స్టేడియం నడుమ ఒక చిన్న కోర్టు పరిచారు కాబట్టి గ్యాలరీల్లో ఉన్నవాళ్లకు ఆటగాళ్లు చాలా దూరం. ఇంట్లో టీవీ ముందున్నవాళ్లే మేలు.

మన దగ్గరి ఉదాహరణ కబడ్డీ. 2014 జూలైలో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు, పల్లె తిరునాళ్లలో ఆడే ఆటను ఎవరు చూస్తారన్న అనుమానం చాలామందికి ఉండేది. తొలి సీజన్‌నే 43.5 కోట్ల మంది చూశారని నిర్వాహకులు ప్రకటించారు. దానికి డబ్బు, తారలు, దీపాల వెలుగు, తరవాత వచ్చిన తెలుగు వ్యాఖ్యానం అన్నీ తోడ్పడ్డాయి. నా అంచనాలో వీటితో సమానంగా పనిచేసింది కెమెరా స్థానం. రెండు జట్లూ తెరకు చెరోవైపు కనపడుతూ, ఏడుగురు డిఫెండర్లు గొలుసు ఎలా కట్టారో, రైడర్ ఏ మూలకు మళ్లుతున్నాడో మొత్తం ఒకే చూపులో ఉండేది. కాలు బోనస్ లైన్ దాటిందా లేదా అన్నది పైనుంచి రీప్లేలో చూపేవారు. నియమాలు తెలియని ఇల్లాలు కూడా నాలుగు రైడ్లు చూసేసరికి బోనస్ పాయింట్ ఎందుకొచ్చిందో చెప్పగలిగింది. ఎవరూ పాఠం చెప్పకుండానే తెర ఆ పని చేసింది. అప్పట్లో రైడర్ ముఖం మీదే కెమెరా నిలిపి ఉంటే కబడ్డీ టీవీలో కుస్తీలా మిగిలేది. బాస్కెట్‌బాల్ మన జనానికి కబడ్డీ అంత పరిచయం లేని ఆట. కాబట్టి దాన్ని ఇంకా విడమరిచి చూపాలి.

దీనికి టీవీ నిర్మాణంలో ఉన్నవారు చెప్పే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. ముఖాలు చూపకపోతే భావోద్వేగం ఉండదు, ప్రేక్షకుడు చానల్ మారుస్తాడు అంటారు. ముఖాలు తప్పకుండా చూపాలి. ఓడిపోతున్న జట్టు కోచ్ ముఖం, ఫ్రీ త్రో వేసే ముందు ఊపిరి పీల్చే అమ్మాయి ముఖం లేని ప్రసారం నిస్సారమే. కానీ అందుకు ఆట తనంతట తానే చోటిస్తుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆట సమయం నాలుగు పది నిమిషాల భాగాలు, అంటే 40 నిమిషాలు. మ్యాచ్ పూర్తవడానికి గంటన్నర దాకా పడుతుంది. ఫౌల్ అయినప్పుడు, బంతి బయటికి పోయినప్పుడు, టైమ్ అవుట్‌లో, ఆటగాళ్లు మారినప్పుడు, ఫ్రీ త్రోలకు వరస కట్టినప్పుడు గడియారం ఆగుతుంది. ముఖాలకు, రీప్లేలకు, గ్యాలరీలో డప్పు కొట్టే స్నేహితులకు ఆ సమయం చాలా ఎక్కువ. ముఖాలు చూపకూడనిది బంతి ఆటలో ఉన్నప్పుడే. ఒక దాడికి ఇచ్చే గడువు 24 సెకన్లు, అందులో మధ్యగీత దాటడానికే ఎనిమిది. అంత కురచ వ్యవధిలో మూడు సెకన్లు ముఖం చూపినా దాడిలో ఎనిమిదో వంతు పోయినట్టు. బుట్ట పడగానే వేసిన వాడి ముఖం పట్టుకుని ఉంటే, ఈలోగా అవతలి జట్టు బంతి లోపలికి వేసి ఫాస్ట్ బ్రేక్‌లో లేఅప్ వేసేసి ఉంటుంది. ఇలా తప్పిపోయిన బుట్టను స్కోరు అంకె మారడం చూసి కనిపెట్టాల్సిన గతి ఏ ప్రేక్షకుడికీ పట్టకూడదు.

రెండో అభ్యంతరంలో ఇంకొంత బలం ఉంది. కుర్రకారు మ్యాచ్‌లు ఫోన్లో చూస్తున్నారు, వెడల్పు దృశ్యం ఫోన్లో చీమలబారులా ఉంటుంది అంటారు. మొత్తం 28 మీటర్లూ చూపితే నిజమే. నేను అడుగుతున్నది సగం కోర్టు. దృశ్యం వెడల్పు 18 మీటర్లు ఉంటే మామూలు టీవీ చట్రంలో ఎత్తు పది మీటర్ల చిల్లర. అందులో 1.9 మీటర్ల ఆటగాడు తెర ఎత్తులో దాదాపు అయిదో వంతు ఉంటాడు. అడ్డంగా తిప్పిన ఫోన్ తెర ఎత్తు ఏడు సెంటీమీటర్లయితే ఆ బొమ్మ సుమారు 1.3 సెంటీమీటర్లు. జెర్సీ రంగు, మనిషి తీరు, బంతి ఎటు పోతోందో తెలియడానికి అది చాలు. నంబరు చదవడానికి మాత్రం చాలదు. ఆ లోటును పాయింట్ పడ్డాక వచ్చే దగ్గరి దృశ్యం, పేరు పట్టీ తీరుస్తాయి. పైగా డేటా సన్నగా ఉన్న చోట నిలకడ దృశ్యానికే మేలు. కెమెరా విసురుగా అటూ ఇటూ తిరిగితే చిత్రం ప్రతి క్షణం కొత్తగా పంపాల్సి వస్తుంది, నెట్‌వర్క్ అందుకోలేకపోతే తెర గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. నెమ్మదిగా కదిలే వెడల్పు దృశ్యంలో నేల, గీతలు, గ్యాలరీ చాలావరకు అలాగే ఉంటాయి కాబట్టి అదే డేటాలో ఆటగాళ్లు స్పష్టంగా వస్తారు. దీవుల్లో ఉన్నవారికి ఈ తేడా పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సింది కాదు.

ఇక కింది కెమెరా వేగాన్ని, శరీర బలాన్ని బాగా చూపుతుందన్న వాదన. అది ఒప్పుకోవాల్సిందే. 2020లో ప్రేక్షకులు లేకుండా ఒర్లాండోలో ఆటలు నడిపినప్పుడు ఎన్‌బీఏ కోర్టు పక్కన పట్టాల మీద పరుగెత్తే కెమెరా వాడింది, ఆ దృశ్యాలు చాలా బాగున్నాయి. అన్ని కెమెరాలు, అంత డబ్బు ఉన్న ఆ లీగ్ ప్రసారాల్లో కూడా ఆట చూపే ప్రధాన దృశ్యం ఈనాటికీ మధ్యగీతకు ఎదురుగా పైనుంచే వస్తుంది. బుట్టల కింద నేల మీద కూర్చునే కెమెరాలు రీప్లేకు, సంబరాలకు పనికొస్తాయి. మీ దగ్గర రెండే కెమెరాలుంటే ఒకటి పైన, ఒకటి బుట్ట కింద పెట్టండి. ఒక్కటే ఉంటే పైన పెట్టండి.

అసలు చిక్కు మన మైదానాల్లో ఉంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. మన కాలేజీల్లో చాలా కోర్టులు ఆరుబయటే ఉంటాయి. గ్యాలరీ ఉంటే నాలుగు మెట్లు, లేకపోతే చెట్టు నీడ. ఇండోర్ స్టేడియం దొరికినా మధ్యగీతకు ఎదురుగా ఉండే మంచి చోటును ముఖ్య అతిథుల వేదిక, సోఫాలు, పూలకుండీలు ముందే ఆక్రమిస్తాయి. కెమెరా ఏ స్తంభం పక్కకో, మూలకో పోతుంది. మూల నుంచి చూస్తే ఒక బుట్ట దగ్గరగా, ఇంకొకటి దూరంగా ఉండి సగం ఆట మరుగున పడుతుంది. ఆతిథ్య విశ్వవిద్యాలయంతో ఒప్పందం రాసుకునేటప్పుడే మధ్యగీతకు ఎదురుగా ఒక పక్క కెమెరాకే అని షరతు పెట్టగలది ప్రసారకర్త ఒక్కరే. వేదికను కోర్టు చివరకు జరిపితే అతిథులకు పోయేదేమీ లేదు. ఆరుబయట కోర్టుకు, కట్టడాలకు వాడే ఇనుప గొట్టాల సారవతో గట్టి మంచె కట్టించవచ్చు. చుట్టూ రెయిలింగ్, నాలుగు వైపులా లాగి కట్టిన తాళ్లు, వాన వస్తే దిగేందుకు సరైన నిచ్చెన, కెమెరా మనిషి నడుముకు సేఫ్టీ బెల్టు ఉండాలి. ఈ భద్రత లేకపోతే నేను అడిగిన ఎత్తు అవసరమే లేదు. ఆటగాళ్ల కళ్లలో ఎండ పడకుండా బయటి కోర్టులను మామూలుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. అంటే పొడవాటి గీతలు తూర్పు, పడమర వైపులకు వస్తాయి. సాయంత్రం మ్యాచ్‌లకు మంచె పడమటి వైపు ఉండాలి, సూర్యుడు కెమెరా వీపు వెనక ఉంటాడు. తూర్పు వైపు కడితే ఆటగాళ్లందరూ నల్లటి నీడలవుతారు. ఇలాంటివి నిర్వాహకుల పుస్తకంలో ఒక పేజీకి మించవు.

మరొక చిన్న సంగతి. ప్రత్యక్ష ఆటకు వాడే కెమెరాలన్నీ కోర్టుకు ఒకే పక్కన ఉండాలి. మధ్యలో అవతలి పక్క కెమెరాకు మారితే ఎడమవైపు దాడి చేస్తున్న జట్టు హఠాత్తుగా కుడివైపు పోతున్నట్టు కనపడుతుంది, చూసేవాళ్లు ఒక్క క్షణం దారి తప్పుతారు. స్కోరు పట్టీ తెర కింద కనపడే కోర్టు దగ్గరి మూలను కప్పకూడదు, 24 సెకన్ల గడియారం మాత్రం ఎప్పుడూ కనపడాలి.

అధికారం, డబ్బు మాటకు వస్తే, క్రికెట్ లాంటి ఆటల్లో, క్రీడా ప్రసార సంకేతాలను మీతో పంచుకోవాలన్న 2007 నాటి చట్టం కింద మీకు అందే చిత్రం వేరే సంస్థ కెమెరాలు తీసింది, అక్కడ మీ చేతిలో ఏమీ ఉండదు. విశ్వవిద్యాలయ క్రీడల దగ్గర అలా కాదు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు బెంగళూరు, ఉత్తర ప్రదేశ్, ఈశాన్య రాష్ట్రాలు తిరిగాయి. ఇటీవలి ఖేలో ఇండియా పోటీలను డీడీ స్పోర్ట్స్ చూపిస్తోంది, కెమెరా ఎక్కడ ఉండాలో చెప్పగల స్థానం మీదే. 1982 ఆసియా క్రీడల ఏడాది దేశానికి రంగుల టీవీని తెచ్చిన దూరదర్శన్‌కు ఒక మంచె కట్టించడం భారం కాదు. ప్రాథమిక దశ మ్యాచ్‌లన్నిటికీ మనుషులను పంపలేకపోతే, ఎత్తున బిగించి వదిలేస్తే ఆటను తనంతట తానే అనుసరించే కెమెరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఫాస్ట్ బ్రేక్‌లో అవి కాస్త వెనకబడతాయి, అయినా తక్కువ ఎత్తులో జూమ్ చేసి చూపే దృశ్యం కంటే ఆటను బాగానే చూపుతాయి.

చివరగా ఒక ప్రత్యేక విన్నపం. పైనున్న ఆ ప్రధాన కెమెరా తీసిన చిత్రాన్ని, మధ్యలో ముఖాలు, రీప్లేలు, ప్రకటనలు కలపకుండా మ్యాచ్ మొత్తం ఉన్నదున్నట్టు మీ ఓటీటీ వేదిక వేవ్స్‌లో విడిగా పెట్టండి. వ్యాఖ్యానం లేకపోయినా పరవాలేదు, బూట్ల చప్పుడు, కోచ్ కేకలు ఉంటే చాలు. మామూలు ప్రేక్షకులు దాన్ని ఎక్కువగా చూడరు. కానీ కోచ్ లేని జట్లు, ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడే పది ఆటలు నేర్పే కాలేజీలు, మాయాబందర్‌లోనో కార్ నికోబార్‌లోనో బంతి పట్టుకున్న పిల్లలు దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూస్తారు. 2020 ఆగస్టు 10న చెన్నైని ఈ దీవులతో కలిపే సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది, కార్ నికోబార్ కూడా ఆ దారిలోనే ఉంది. చిత్రం ఇక్కడి దాకా రావడానికి తీగ ఇప్పటికే ఉంది. వచ్చే విశ్వవిద్యాలయ క్రీడల్లో పురుషుల, మహిళల సెమీఫైనళ్లు, ఫైనళ్లు, అంటే ఆరు మ్యాచ్‌లను ఇలా చూపి, ఇలా పెట్టి చూడండి. మంచెలకు ఎంతయిందో, ఎంతమంది చూశారో రెండూ ప్రకటించండి. ఆ అంకెలు చూశాక మిగిలిన మ్యాచ్‌ల సంగతి మాట్లాడుకుందాం.

భవదీయుడు,
బతు బస్తీ నుంచి ఒక బాస్కెట్‌బాల్ ప్రేక్షకుడు
దక్షిణ అండమాన్